అడాస్ ఉన్న ఎలక్ట్రిక్ కారు: బెంగళూరులో, అనంతపురం రోడ్డులో ఏది ఆన్, ఏది ఆఫ్?

పెనుకొండ_బాట | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. మూడు నెలల క్రితం ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. పదిహేను రోజులకోసారి అమ్మను చూడటానికి అనంతపురం వెళ్లి వస్తుంటాను. ఒక వైపు సుమారు 210 కిలోమీటర్లు. కారులో లెవెల్ 2 అడాస్ ఉంది, అంటే స్టీరింగ్, వేగం, బ్రేక్ విషయంలో డ్రైవర్‌కి కారే కొంత సాయం చేసే ఏర్పాటు. ముందు బండిని బట్టి వేగం తగ్గించి పెంచే అడాప్టివ్ క్రూజ్ (ఏసీసీ), లేన్ గీత దాటకుండా స్టీరింగ్‌ని తోసే లేన్ కీప్ అసిస్ట్, ఆటో బ్రేక్, మన కంటికి అందని చోట బండి ఉంటే పక్క అద్దంలో పసుపు లైటు వేసే బ్లైండ్ స్పాట్ వార్నింగ్ అన్నీ ఉన్నాయి. కారు పేరు కావాలనే రాయడం లేదు. ఇది ఒక్క కంపెనీ సమస్య అని నాకు అనిపించడం లేదు.

మొన్న శనివారం జరిగింది చెబుతాను. తెల్లవారుజామున బయల్దేరాం. చిక్కబళ్లాపుర దాటాక ఎడమ లేన్‌లో 80 మీద వెళ్తున్నాను. ఏసీసీ, లేన్ కీప్ రెండూ ఆన్‌లో ఉన్నాయి. రోడ్డు అంచున ఎక్సెల్ బండి మీద ఒక పెద్దాయన, రెండు పక్కలా పాల క్యాన్లు. మేం దగ్గరికి వచ్చేసరికి ఆయన గుంత తప్పించబోయి లోపలికి వచ్చాడు. నేను చప్పున కుడికి తిప్పాను. ఇండికేటర్ వేసేంత టైం లేదు. సరిగ్గా అప్పుడే స్టీరింగ్ నా చేతుల్లో ఎడమకి లాగింది. చిన్నపిల్లలు చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజుతారే, అంత బలం. ఇంకాస్త గట్టిగా పట్టి తిప్పితే తిరిగింది, ఆయన్ను దాటేశాం. అద్దంలో చూస్తే ఆయన అదే వేగంతో, తలపాగా కూడా కదలకుండా వస్తున్నాడు. ఏం జరగబోయిందో ఆయనకి తెలియను కూడా తెలియదు.

బాగేపల్లిలో టీకి ఆగినప్పుడు మా ఆవిడ ఒకటే మాట అంది, "మనిషిని తప్పించబోతే ఆపే సౌకర్యం మనకెందుకు? తీసేయండి." నాకు జవాబు దొరకలేదు. అదే రోజు సాయంత్రం తిరుగు ప్రయాణంలో ముందు వెళ్తున్న కారు సడన్‌గా బ్రేక్ వేస్తే, నా కాలు కదిలేలోపే మా కారు బ్రేక్ పట్టింది. కాబట్టి మొత్తం తీసేయడానికి మనసు ఒప్పడం లేదు.

ఏ రోడ్డులో ఏది ఆన్ పెడుతున్నారు, ఏది ఆఫ్ చేస్తున్నారు? వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఓఆర్ఆర్_రోజూ | రాత్రి 9:34

ఇబ్బలూరు నుంచి మాన్యతా దాకా రోజూ పోయి రావాలి. నేను చెప్పేది సిటీ గురించే.

రింగ్ రోడ్డులో ఏసీసీ మీద మొదటి నెల చాలా ఆశ పెట్టుకున్నాను. ముందు కారుతో గ్యాప్ అన్నిటికన్నా తక్కువ పెట్టినా ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది. ఆటో దూరగానే కారు బ్రేక్ పడుతుంది, ఆటో పక్కకి పోగానే మళ్లీ లాగుతుంది. పది నిమిషాలకి వెనక సీట్లో ఉన్నవాళ్లకి తల తిరుగుతుంది. మా అబ్బాయి ఒకసారి వాంతి చేసుకున్నాడు కూడా.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. జామ్‌లో ఆగి ఉన్నప్పుడు మన బంపర్‌కీ ముందు కారుకీ మధ్యలోంచి బైకులు అడ్డంగా పోతాయి. ముందు కారు కదిలింది కదా అని మన కారు కదులుతుంది. అదే క్షణంలో బంపర్ మూల దగ్గర ఒక బైకు ముందు చక్రం ఉంటుంది. మూలలో ఉన్నది రాడార్‌కి సూటిగా కనిపించదు. నాకు రెండుసార్లు ఇలా అయింది, రెండుసార్లూ బ్రేక్ మీద కాలు ఉండబట్టి సరిపోయింది. అప్పటినుంచి టిన్ ఫ్యాక్టరీ దగ్గర, సిల్క్ బోర్డ్ దగ్గర ఏసీసీ పెట్టను. మెట్రో పనుల బారికేడ్లకి ఆనుకుని ఉండే కుడి లేన్‌లో, అదీ బైకులు లేని టైంలో మాత్రం పెడతాను. లేన్ కీప్ అయితే సిటీలో పూర్తిగా ఆఫ్. పాత గీత ఒకటి, డైవర్షన్‌కి వేసిన కొత్త గీత ఒకటి, రెండూ కనిపిస్తుంటే అదేం చేస్తుంది పాపం.

పాత_స్టీరింగ్ | రాత్రి 10:05

1984 నుంచి నడుపుతున్నాను. మా అబ్బాయి పట్టుబట్టి ఎలక్ట్రిక్ కారు కొనిచ్చాడు. బండి బాగుంది, చప్పుడు లేదు, క్లచ్ లేదు, మోకాలికి హాయిగా ఉంది. ఈ అడాస్ సంగతే నాకు నమ్మకం కుదరడం లేదు.

బాబూ, నాది ఒకటే ప్రశ్న. మన హైవేల మీద రాత్రిపూట లారీ చెడిపోతే డ్రైవర్ ఏం చేస్తాడు? వెనక నాలుగు రాళ్లు పెడతాడు, ఒక వేపకొమ్మ విరిచి పెడతాడు. టెయిల్ లైటు ఉండదు, రిఫ్లెక్టర్ మీద మట్టి. గుత్తి దగ్గర అలాంటి లారీ కిందకి దూరిపోయిన కారుని కళ్లారా చూశాను. ఇరవై ఏళ్లయినా ఆ కారు పైకప్పు ఎలా మడిచిపెట్టినట్టు ఉందో మర్చిపోలేదు. ఆగి ఉన్న లారీని ఈ రాడార్ చూస్తుందా, చూడదా? చూస్తుందంటే నేనూ వాడతాను.

77_గిగా | రాత్రి 11:20

పెద్దాయన అడిగింది అసలైన ప్రశ్న. రాడార్ సాఫ్ట్‌వేర్ మీదే నా ఉద్యోగం, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కారు ముందు ఉండే రాడార్ దాదాపు అన్ని కంపెనీల్లోనూ 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అలల పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉంది, మనతో పోలిస్తే ఎంత వేగంతో దగ్గరవుతోంది అనే రెండు విషయాలూ బాగా చెబుతుంది. అది ఏ ఆకారంలో ఉందో చెప్పడంలో మాత్రం బలహీనం. ఇప్పుడు మనం 100 మీద పోతున్నాం అనుకోండి. ఆగి ఉన్న లారీ 100 వేగంతో మన మీదికి వస్తున్నట్టు కనిపిస్తుంది. రోడ్డు మీది సైన్ బోర్డు, ఫ్లైఓవర్ దూలం, మ్యాన్‌హోల్ మూత కూడా సరిగ్గా అదే 100తో వస్తున్నట్టు కనిపిస్తాయి. అన్నిటికీ బ్రేక్ వేస్తే ఆ కారును ఎవరూ నడపలేరు. అందుకని చాలా సిస్టమ్‌లలో కదలని వస్తువుల సిగ్నల్‌కి విలువ తగ్గించేస్తారు. కెమెరా కూడా "అవును, అది బండే" అంటేనే గట్టి బ్రేక్ పడుతుంది. చీకట్లో లైటు లేని లారీ, వెనక తార్పాలిన్ కప్పి ఉంటే కెమెరా ఆ మాట సమయానికి అనలేకపోవచ్చు.

కాబట్టి జవాబు: చూడొచ్చు, చూడకపోవచ్చు. ఎక్కువ వేగంలో, రాత్రిపూట, ఆగి ఉన్న లారీ విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. చాలా కార్ల మాన్యువల్‌లో ఈ ముక్క రాసే ఉంటుంది. దయచేసి ఆ పేజీ ఒక్కటైనా చదవండి.

పెనుకొండ_బాట గారూ, మీ స్టీరింగ్ సంగతి. లేన్ పేరుతో మూడు వేరువేరు పనులు ఉంటాయి, మెనూలో ఒకే చోట ఉండేసరికి అందరం కలిపేస్తాం. లేన్ డిపార్చర్ వార్నింగ్ గీత దాటుతుంటే బీప్ కొడుతుంది లేదా స్టీరింగ్ వణికిస్తుంది, అంతే. లేన్ కీప్ గీత దగ్గరికి పోయినప్పుడు లోపలికి తోస్తుంది. లేన్ సెంటరింగ్ ఎప్పుడూ మధ్యలోనే పట్టి ఉంచుతుంది. ఇండికేటర్ వేస్తే రెండోదీ మూడోదీ వదిలేస్తాయి. మీరు వేయలేదు, కాబట్టి మీరు నిద్రలో జారిపోతున్నారని అది అనుకుంది.

ఆ లాగుడుకి పరిమితి ఉంటుంది. యూఎన్ ఆర్79 అనే స్టీరింగ్ నిబంధన ప్రకారం, మనిషి 50 న్యూటన్లకి మించని బలంతో దాన్ని కాదని తిప్పగలగాలి. అంటే అయిదు కిలోల సంచి ఎత్తేంత. చిన్నపిల్లలు గుంజినట్టు అన్నారే, ఆ మాట చాలా సరిగ్గా ఉంది. అసలు ప్రమాదం ఎక్కడంటే, చేయి వదులుగా వేసుకుని కూర్చున్నవాళ్లు ఆ లాగుడికి కంగారుపడి వదిలేయడం.

బైకులు, సైకిళ్లు, పాలబండ్లు పక్కన నడిచే రోడ్డులో లేన్ కీప్, సెంటరింగ్ రెండూ ఆఫ్ చేసి వార్నింగ్ ఒక్కటే ఉంచుకోవడం నా అలవాటు. ఆటో బ్రేక్ మాత్రం ఎక్కడా, ఎప్పుడూ ఆఫ్ చేయను.

పాత_స్టీరింగ్ | రాత్రి 11:41

ఇంత సూటిగా షోరూంలో ఒక్కరూ చెప్పలేదు. సంతోషం బాబూ.

చిత్తూరు_కోడలు | సోమవారం, ఉదయం 7:15

ఈ థ్రెడ్ రాత్రే చదివాను, నా అనుభవం కూడా రాయాలనిపించింది.

కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు వెళ్తుంటాం. ఎక్కువగా నేనే డ్రైవింగ్. ఒకసారి హైవే మీద ఏసీసీ 95కి సెట్ చేసి ఉంది. టిఫిన్‌కి దిగాలని బ్రేక్ నొక్కి సర్వీస్ రోడ్డులోకి వచ్చాను. బ్రేక్ నొక్కితే ఏసీసీ ఆగిపోతుంది కానీ 95 అనే నంబరు దాని జ్ఞాపకంలో ఉంటుంది. సర్వీస్ రోడ్డులో మెల్లగా పోతూ పాట మార్చబోయి స్టీరింగ్ మీద తప్పు బటన్ నొక్కాను. అది రిజ్యూమ్, అంటే ఆ పాత 95కి మళ్లీ వెళ్లమని చెప్పే బటన్. ఎలక్ట్రిక్ కారు కదా, ఇంజన్ మోత పెరిగి మనల్ని హెచ్చరించేది ఏమీ లేదు. ఒక్కసారిగా సీటుకి ఆనుకుపోయాను. ముందు ముప్పై నలభై అడుగుల్లో స్పీడ్ బ్రేకర్, దాని పక్కన ఇడ్లీ బండి, స్కూల్ యూనిఫాంలో ఇద్దరు పిల్లలు. బ్రేక్ తొక్కాను, ఆగింది. పిల్లలు నా వైపు చూసి వెళ్లిపోయారు. నేను అయిదు నిమిషాలు స్టీరింగ్ వదల్లేదు.

అప్పటినుంచి నాకు ఒక నియమం. హైవే దిగేముందు బ్రేక్‌తో ఆపి ఊరుకోను, మెయిన్ బటన్‌తో ఏసీసీ మొత్తం ఆఫ్ చేస్తాను. అప్పుడు రిజ్యూమ్ నొక్కినా ఏమీ కాదు. డిస్‌ప్లేలో గుర్తు పూర్తిగా పోయిందో లేదో చూసుకుంటాను. మా కారులో ఆకుపచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, తెల్లగా ఉంటే రెడీగా కాచుకుని ఉన్నట్టు. తెలుపు కూడా ఆఫ్ కాదు అని మా ఆయనకి, మా మరిదికి పదేపదే చెబుతుంటాను.

టోల్ గేట్లకీ ఇదే. ముందు ఉన్న కారు వేరే లైన్‌లోకి తప్పుకోగానే, దారి ఖాళీ అని మన కారు వేగం పెంచుతుంది. అక్కడున్న అడ్డుకర్ర దానికి లెక్కలోకి రాదు. టోల్ బోర్డు కనిపించగానే ఆఫ్ చేసేయండి.

పెనుకొండ_బాట | ఉదయం 8:02

అక్కా, రిజ్యూమ్ సంగతి నేను అసలు ఆలోచించలేదు. మా కారులో పాట మార్చే బటన్ దాని పక్కనే ఉంది. ఇప్పుడే కిందకి వెళ్లి చూసి వచ్చాను.

జయనగర_టీచర్ | మధ్యాహ్నం 1:20

ఎలక్ట్రిక్ కార్లలోనే వచ్చే ఒక ఇబ్బంది ఎవరూ రాయలేదు. నేను సింగిల్ పెడల్ మోడ్‌లో నడుపుతాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కారే తగ్గి ఆగుతుంది. సిటీలో చాలా సుఖం, చార్జింగ్ కూడా కలిసొస్తుంది.

హైవేలో ఏసీసీ పెడితే కాలు పక్కన పెట్టి కూర్చుంటాం కదా. హోసూరు నుంచి వస్తూ అత్తిబెలె దగ్గర, ముందు ట్రాఫిక్ కనిపించి క్యాన్సిల్ బటన్ నొక్కాను. నా ఉద్దేశం మెల్లగా వేగం తగ్గించుకోవాలని. కానీ క్యాన్సిల్ అవగానే కారు సింగిల్ పెడల్‌లోకి వచ్చేసింది. కాలు పెడల్ మీద లేదు కాబట్టి రీజెన్ (మోటారే బ్రేక్‌లా పట్టి బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చేది) పూర్తి బలంతో పట్టేసింది. వెనక టిప్పర్ హారన్ ఎంత దగ్గర్నుంచి వినిపించిందంటే, నా సీటు వెనకే ఉన్నట్టు. అతని తప్పేం లేదు. ఖాళీ రోడ్డులో కారణం లేకుండా ఆగినట్టు అతనికి కనిపించి ఉంటుంది.

ఇది నాకొక్కదానికే అయిందా? ఇలా తగ్గినప్పుడు వెనక బ్రేక్ లైటు వెలుగుతుందా లేదా అనేది నా అనుమానం.

77_గిగా | మధ్యాహ్నం 2:05

మేడమ్, చాలామందికి అవుతుంది, చెప్పరు అంతే. మన పాదానికి రెండు రకాల అర్థాలు నేర్పుతున్నాం. ఏసీసీ ఉంటే "కాలు తీస్తే కారు పోతూనే ఉంటుంది". ఏసీసీ లేకపోతే "కాలు తీస్తే కారు ఆగుతుంది". ఏ క్షణంలో ఏది నడుస్తోందో మనసులో తేడా వస్తే మీకు జరిగిందే జరుగుతుంది. దీనికి తిరగేసి ఇంకోటి ఉంది, అది ఇంకా ప్రమాదం. ఏసీసీ ఆన్‌లోనే ఉందనుకుని, ముందు కారు ఆగుతున్నా అదే చూసుకుంటుందిలే అని ఊరుకోవడం.

బ్రేక్ లైటు గురించి: రీజెన్ వల్ల వేగం తగ్గడం సెకనుకు సెకనుకు 1.3 మీటర్లు (అంటే ప్రతి సెకనుకీ గంటకి సుమారు 5 కిలోమీటర్ల వేగం) దాటితే బ్రేక్ లైటు తప్పకుండా వెలగాలని యూఎన్ ఆర్13హెచ్ నిబంధన. మీకు జరిగినంత గట్టిగా పడితే వెలిగే ఉంటుంది. కానీ టిప్పర్ డ్రైవర్‌కి లైటు కనిపించి, కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి ఒకటిన్నర సెకన్లు పోతాయి. 80 మీద అది 33 మీటర్లు.

నేను చేసేది చెబుతాను. క్యాన్సిల్ నొక్కేముందే కాలు యాక్సిలరేటర్ మీద తేలికగా పెడతాను. తర్వాత క్యాన్సిల్ చేసి, కాలు మెల్లగా లేపుతాను. అప్పుడు తగ్గడం నా చేతిలో, అంటే నా కాలిలో ఉంటుంది. ఇంకా సులువు, హైవే ఎక్కేముందు రీజెన్‌ని కనిష్ఠానికి పెట్టుకోవడం. ఏసీసీ తనకి కావలసినప్పుడు రీజెన్ ఎలాగూ వాడుకుంటుంది, చార్జింగ్ నష్టం గురించి బెంగ అక్కర్లేదు.

జయనగర_టీచర్ | మధ్యాహ్నం 2:31

ఖాళీ రోడ్డులో పదిసార్లు ప్రాక్టీస్ చేస్తాను. ధన్యవాదాలు.

నైట్_డ్రైవ్ | సోమవారం, రాత్రి 10:48

మీరంతా మరీ భయపడుతున్నారు అనిపిస్తోంది. నేను నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్లొస్తాను, రాత్రి పది దాటాక బయల్దేరి. రోడ్డు ఖాళీ, గీతలు బాగుంటాయి, లేన్ సెంటరింగ్ రైలు పట్టాల మీద పోయినట్టు పోతుంది. నిమిషానికోసారి చేతులు పెట్టమని గోల చేస్తుంటే స్టీరింగ్‌కి అర లీటర్ నీళ్ల బాటిల్ ఇరికించాను. గోల లేదు. ఇప్పటిదాకా ఏమీ కాలేదు, నా అనుభవం నేను చెబుతున్నాను.

చిత్తూరు_కోడలు | రాత్రి 10:59

తమ్ముడూ, ఆ బాటిల్ ఈ రాత్రే తీసెయ్.

పాత_స్టీరింగ్ | రాత్రి 11:12

నువ్వు వెళ్లే రోడ్డే నేను పైన రాసిన రోడ్డు. గుత్తి దగ్గర రాళ్లు పెట్టిన లారీ ఆ రోడ్డుదే. నాయనా, ఆ కారులో వెళ్లిన కుర్రాడికీ అప్పటిదాకా ఏమీ కాలేదు.

77_గిగా | రాత్రి 11:30

కోపంతో రాయడం లేదు. లెక్క చూడండి. 100 మీద సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతారు. రాత్రి ఫోన్ ఒక్కసారి చూసి తలెత్తడానికి మూడు సెకన్లు. అంటే 80 మీటర్ల పైన గుడ్డిగా పోయినట్టు. డిప్ లైటు పడే దూరం మామూలుగా అంతకంటే ఎక్కువ ఉండదు. మీరు తలెత్తేసరికి రాళ్లు చక్రాల కింద ఉంటాయి.

"చేతులు పెట్టు" అనే హెచ్చరిక మీరు మెలకువగా ఉన్నారో లేదో అడిగే ప్రశ్న. కొన్ని కార్లలో స్టీరింగ్ మీద పడే చిన్న బలాన్ని చూస్తారు, కొన్నిట్లో చేయి స్టీరింగ్‌ని తాకుతోందో లేదో చూస్తారు. జవాబు రాకపోతే బీప్ పెంచి, ఆ తర్వాత సిస్టమ్ తప్పుకుంటుంది. కొన్ని కార్లు మెల్లగా ఆగిపోయి హజార్డ్ లైట్లు వేస్తాయి. డ్రైవర్‌కి కునుకు పట్టినా, గుండెనొప్పి వచ్చినా కాపాడటానికి పెట్టిన చివరి ఏర్పాటు అది. దాన్ని బాటిల్‌తో నోరు మూయించారు. లెవెల్ 2 అనే మాటకి అర్థం కూడా అదే. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం 2014లో మొదటిసారి తెచ్చిన పట్టికలో 0 నుంచి 5 దాకా ఆరు మెట్లు ఉన్నాయి. రెండో మెట్టు దాకా రోడ్డు చూడాల్సింది మనిషే, పూర్తిగా, ప్రతి క్షణం.

నైట్_డ్రైవ్ | మంగళవారం, ఉదయం 6:40

బాటిల్ తీసేశాను. సెంటరింగ్ మాత్రం రాత్రి ఖాళీ రోడ్డులో నాకు ఉపయోగమనే ఇప్పటికీ అంటాను, చేతులు పెట్టుకునే వాడతాను.

మోడరేటర్ | ఉదయం 9:00

చర్చ బాగా నడుస్తోంది. ప్రమాదం, లోపం గురించి రాసేటప్పుడు కంపెనీ, డీలర్ పేర్లు రాయకండి.

కెంగేరి_తెలుగు | ఉదయం 11:25

మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద వారానికోసారి వెళ్తాను. అడాస్‌కి ఈ చుట్టుపక్కల ఇంతకంటే అనువైన రోడ్డు నేను చూడలేదు. 2023 మార్చిలో ప్రారంభించారు, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మెయిన్ దారిలో బైకులు, ఆటోలు, ట్రాక్టర్లు నిషేధించారు. పరిమితి 100, కెమెరాలు ఉన్నాయి. ఏసీసీ 98కి పెట్టుకుంటే స్పీడ్ చలానా టెన్షన్ లేదు, లేన్ కీప్ కూడా హాయిగా పనిచేస్తుంది. అలాగని అక్కడా ధీమా వద్దు. కుడి లేన్‌లో 60 మీద పోయే లారీ వెనక పడితే ఏసీసీ కూడా ఆ 60 మీదే పోతుంటుంది, ఎంతసేపైనా. అప్పుడు చిరాకుపడి ఎడమ నుంచి ఓవర్‌టేక్ చేయబోయి ఇబ్బందిలో పడ్డవాళ్లను చూశాను. వంపుల్లో పక్క లేన్ లారీని మన ముందున్నదే అనుకుని ఉన్నట్టుండి బ్రేక్ వేయడమూ ఉంది.

మండ్య ఊళ్లోకి దిగితే చెరకు ట్రాక్టర్లు. చెరకు ట్రాలీకి వెనక మీటరు పొడవున బయటికి వేలాడుతుంటుంది. రాడార్ లెక్క ట్రాలీ ఇనుముకి, మన అద్దానికి ముందు తగిలేది చెరకు. ఇనుప చువ్వల లారీ అయితే ఇంకా ఘోరం. అలాంటివి కనిపిస్తే ఏసీసీ తీసేసి దూరం నేనే పెంచుకుంటాను.

ఇంకో సంగతి. మొన్న ఆయుధపూజకి అందరం కార్లు అలంకరించాం కదా. మా వీధిలో ఒకాయన ముందు గ్రిల్‌కి రెండు అరటి పిలకలు, మధ్యలో లావుపాటి చామంతి దండ కట్టారు. కారు స్టార్ట్ చేయగానే డిస్‌ప్లే మీద "ముందు రాడార్ మూసుకుపోయింది" అని వచ్చింది. ఆయన కారు పాడైందని కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశారు. నేను వెళ్లి చూస్తే నంబర్ ప్లేటు పైన నున్నగా ఉండే నల్లటి పలక మీద పసుపు మెత్తి, దాని మీద కుంకుమ బొట్లు, ఆపైన తడి దండ. దండ జరిపి తడిగుడ్డతో తుడిస్తే మెసేజ్ పోయింది. పూజ మన కారుకి ఎంత ముఖ్యమో నాకూ తెలుసు, మా ఇంట్లోనూ గుమ్మడికాయ కొట్టాం. బొట్టు బానెట్ మీద పెట్టండి, ఆ పలక మాత్రం వదిలేయండి.

77_గిగా | మధ్యాహ్నం 12:10

నీరు ఈ అలలను బాగా అడ్డుకుంటుంది. తడి పూలు, అరటి బోదె అంటే నీళ్ల గోడ కట్టినట్టే. కెంగేరి గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. దీనితోపాటు అద్దం వెనక కెమెరా ముందు ఫాస్టాగ్ అంటించకండి. ముందు అద్దం రాయి తగిలి మార్పిస్తే కెమెరా కాలిబ్రేషన్ (దాని గురి మళ్లీ సరిచేయడం) చేయించారా లేదా అని బిల్లులో చూసుకోండి. అద్దం మార్చి కాలిబ్రేషన్ చేయకుండా ఇచ్చిన కారు ఒకటి నేనే చూశాను. లేన్ మధ్యలో పోతున్నా గీత దాటుతున్నావని మొత్తుకుంటోంది.

ఓఆర్ఆర్_రోజూ | మధ్యాహ్నం 12:44

ఫాస్టాగ్ సరిగ్గా కెమెరా కిందే ఉంది మాది. ఈ రోజే మార్చుకుంటాను.

పెనుకొండ_బాట | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

అనంతపురం వెళ్లి వచ్చాను. మీ అందరి మాటలూ ఒక కాగితం మీద రాసుకుని డ్యాష్‌బోర్డ్‌లో పెట్టుకున్నాను, అందుకే అప్‌డేట్ ఇవ్వడం నా బాధ్యత.

వైట్‌ఫీల్డ్ నుంచి దేవనహళ్లి దాకా ఆటో బ్రేక్, బ్లైండ్ స్పాట్ తప్ప అన్నీ ఆఫ్. ఎయిర్‌పోర్ట్ దాటాక రీజెన్ కనిష్ఠానికి తగ్గించి, ఏసీసీ 85, గ్యాప్ ఎక్కువలో పెట్టాను. లేన్ కీప్ మెనూలోకి వెళ్లి చూస్తే 77_గిగా గారు చెప్పినట్టే మూడూ విడివిడిగా ఉన్నాయి. మూడు నెలలు ఒక్కటే అనుకున్నాను. వార్నింగ్ ఉంచి మిగతా రెండూ తీసేశాను. నంది కొండల దగ్గర పొద్దున్నే మంచు బాగా ఉంది. ఇరవై నిమిషాలు "కెమెరా అందుబాటులో లేదు" అని వచ్చింది. ఇదివరకైతే విసుక్కునేవాణ్ణి. ఈసారి దానికి కనిపించనిది నాకు మాత్రం ఎంత కనిపిస్తుందిలే అనుకుని 50కి తగ్గించి, లైట్లు వేసుకుని వెళ్లాను.

అదే చోట, చిక్కబళ్లాపుర దాటాక, మళ్లీ ఒక పాలబండి. ఆ పెద్దాయనే కాకపోవచ్చు. దూరం నుంచే ఇండికేటర్ వేసి, అద్దంలో పసుపు గుర్తు లేదని చూసుకుని, ఒక లేన్ పూర్తిగా వదిలి దాటాను. స్టీరింగ్ నా మాటే విన్నది. మా ఆవిడ ఏమీ అనలేదు, ఫ్లాస్క్ లోంచి కాఫీ పోసి ఇచ్చింది.

టోల్ దగ్గర రెండుసార్లూ మెయిన్ బటన్‌తోనే ఆఫ్ చేశాను, చిత్తూరు అక్క చెప్పినట్టు. ఒకసారి మాత్రం క్యాన్సిల్ నొక్కేముందు కాలు పెట్టడం మర్చిపోయాను. రీజెన్ తక్కువలో ఉంది కాబట్టి కుదుపు రాలేదు. తిరుగు ప్రయాణం కావాలనే మధ్యాహ్నం పెట్టుకున్నాను, చీకటి పడేలోపు ఇంటికి వచ్చేలా. ఆగిన లారీ సంగతి చదివాక రాత్రి 85 మీద ఏసీసీ పెట్టబుద్ధి కాలేదు.

ఒక అనుమానం మిగిలింది. కారు ఆఫ్ చేసి మళ్లీ స్టార్ట్ చేస్తే లేన్ కీప్ దానంతట అదే ఆన్ అయిపోతోంది. అందరికీ ఇంతేనా?

77_గిగా | రాత్రి 8:55

కొన్ని కార్లలో అంతే. భద్రతకి సంబంధించినవి ప్రతి స్టార్ట్‌కీ ఆన్‌లోకి వచ్చేలా పెడతారు. స్టీరింగ్ మీద స్టార్ గుర్తు బటన్ ఉంటే దానికి లేన్ కీప్ ఆన్-ఆఫ్ కేటాయించుకోండి. మెనూలో మూడు మెట్లు దిగే పని తప్పుతుంది.

పాత_స్టీరింగ్ | రాత్రి 9:20

నాకూ ఒక సాయం చేయండి. పక్క అద్దంలో పసుపు లైటు వెలిగేది నాకు బాగా నచ్చింది. మెడ పూర్తిగా తిప్పలేను, స్పాండిలైటిస్. ఎడమ నుంచి దూసుకొచ్చే బైకుని అది చూపిస్తోంది. కానీ కొన్నిసార్లు బైకు పక్కకి వచ్చేశాక వెలుగుతోంది. ముందే వెలిగేలా పెట్టుకోవచ్చా?

చిత్తూరు_కోడలు | రాత్రి 9:31

పెట్టుకోవచ్చు బాబాయ్ గారూ, చాలా కార్లలో ఉంటుంది. సెట్టింగ్స్‌లో డ్రైవర్ అసిస్టెన్స్, అందులో వార్నింగ్ టైమింగ్ అని ఉంటుంది. లేట్, నార్మల్, ఎర్లీ అని వస్తాయి, ఎర్లీ పెట్టండి. మరీ వేగంగా వచ్చే బైకులకి అప్పుడూ ఆలస్యంగానే వెలగొచ్చు, అద్దం చూడటం మానకండి. కారు ఆపి ఉన్నప్పుడు మార్చండి, దొరక్కపోతే స్క్రీన్ ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.